రెండు మడతల చీటీ

"ఆ తాళంచెవి సంచిలో పెట్టారంటే ఇక నేను మీతో మాట్లాడను," అంది అమ్మ.

నాన్న పెట్టేశాడు. చర్చి బీరువా తాళంచెవి, హాజరు రిజిస్టరు, రబ్బరు స్టాంపు, దాని ఇంకు డబ్బా. ఒక్కోటీ పాత పంచె ముక్కతో తుడిచి మరీ పెట్టాడు. పదకొండేళ్ళ సంఘ కార్యదర్శి పదవికి చేతిసంచి సగం కూడా నిండలేదు.

"ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుంది. అప్పుడు అయ్యగారి చేతిలో పెట్టేస్తా," అన్నాడు. "వాళ్ళు అడిగేదాకా ఉంచుకోవడం మర్యాద కాదు రత్నమణీ."

"తప్పు చేసినవాళ్ళు ఇవ్వాలి. మీరేం చేశారని?"

"చేసాగా."

నేను బస్సుకి టైమవుతోందని నిలబడే ఇడ్లీ మింగుతున్నాను. ఆ ఒక్క మాటకి పొలమారింది. అమ్మ మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు తోసింది గానీ నా ముఖం వంక చూడలేదు. చూసి ఉంటే అక్కడే దొరికిపోయేదాన్ని.

మొన్న ఆదివారం మా చర్చిలో జరిగింది జగ్గయ్యపేటలో ఇప్పుడు తెలియనివాళ్ళు తక్కువ. అయినా ఇంకోసారి చెప్తాను. నా నోటితో చెప్పడం నాకూ అలవాటు కావాలి కదా.

మా చర్చి గుమ్మం పక్కన ప్రార్థన పెట్టె ఉంటుంది. కష్టం ఉన్నవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తారు. ఒక మడత పెడితే ఆ చీటీ సంఘమంతటికీ. రెండు మడతలు పెడితే పాస్టరు స్టీవెన్ అయ్యగారికి మాత్రమే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, కానీ అందరూ పాటిస్తారు. ఆ చీటీలన్నీ విప్పి టైపు చేసేది కార్యదర్శి, అంటే మా నాన్న. హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు తెలుగు చెప్పిన మనిషి. ఆశీర్వాదం మాస్టారికి తెలిస్తే ఎవరికీ తెలియనట్టే అనేవాళ్ళు మా వీధిలో. మొన్నటిదాకా అనేవాళ్ళు.

టైపు చేసే కంప్యూటర్ మా ఇంట్లోనే, హాల్లో కిటికీ కింద ఉంటుంది. ఎవరో చర్చికి ఇచ్చేసిన పాత డబ్బా. స్విచ్ వేసి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర వెలిగేది కాదు. ఊళ్ళో పెన్‌డ్రైవుల్లో ఉన్న వైరస్సులన్నీ అందులోనే కాపురం. నిరుడు నేనే దాన్ని మొత్తం తుడిచేసి, విండోస్ బదులు లినక్స్ ఎక్కించాను. నందిగామ కాలేజీలో నేను చూసే ల్యాబ్ అంతా దాని మీదే నడుస్తుంది. ఉచితం, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, పాత మిషన్లో కూడా పరిగెడుతుంది. నాన్న అరవై ఆరేళ్ళ వయసులో దాన్ని ఒకటో తరగతి పిల్లాడిలా నేర్చుకున్నాడు. ఏ పనికి ఏది నొక్కాలో ఒక పొడుగు నోటుపుస్తకంలో అంకెలు వేసి రాసుకున్నాడు.

ఆ కంప్యూటర్లో ఫైలు పేరుకి ముందు ఒక చుక్క పెడితే ఆ ఫైలు తెర మీద కనపడదు. ఎక్కడికీ పోదు, లోపలే ఉంటుంది, మామూలుగా చూసేవాళ్ళకి కనపడదు అంతే. ఈ సంగతి చెప్పిన రోజు నాన్న ముఖం వెలిగిపోయింది. అప్పట్నుంచీ రెండు మడతల చీటీలన్నిటి పేర్లకీ ముందు చుక్క పెట్టేవాడు. "ఇదే రెండో మడత అన్నమాట," అన్నాడు. వాటిని విడిగా ప్రింటు తీసి, కవర్లో పెట్టి అతికించి అయ్యగారికి ఇచ్చేవాడు. ఆ వారం అవగానే అన్నీ చెరిపేసేవాడు.

ఇక నా ఘనకార్యం వినండి. ఆదివారం పొద్దున ఎనిమిది అవగానే ఒక మడత చీటీలన్నిటినీ కంప్యూటర్ దానంతటదే పోగు చేసి, వరస నంబర్లు వేసి, అరవై కాపీలు ప్రింటు తీసేలా ఒక స్క్రిప్టు రాసిపెట్టాను. స్క్రిప్టు అంటే మరేం లేదు, ఏం చెయ్యాలో వరసగా రాసిపెట్టిన ఆజ్ఞలు. ఏడాదిపాటు ఒక్క ఆదివారం తప్పలేదు. మా అమ్మాయి పెట్టిందండీ అని నాన్న చర్చిలో అందరికీ చెప్పుకునేవాడు. నేనూ తెగ మురిసిపోయాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

కిందటి శనివారం నాన్న ఒక చిన్న మార్పు అడిగాడు. చీటీలు ఎక్కువయ్యాయట. జబ్బులకో ఫోల్డరు, పరీక్షలకో ఫోల్డరు, ఉద్యోగాలకో ఫోల్డరు పెట్టుకున్నాడట. వాటి లోపలున్నవి కూడా ప్రింటులోకి రావాలట. నేను అప్పుడే బస్సు దిగి వచ్చాను, ఆకలి దంచేస్తోంది. ఒక్క లైను మార్చాను. పాత కమాండు తీసేసి, లోపలి ఫోల్డర్లన్నిటినీ వెతికే కొత్త కమాండు పెట్టి లేచిపోయాను. ఒకసారి నడిపి చూడనైనా లేదు. మార్చినదాన్ని నడిపి చూడకుండా సీట్లోంచి లేవొద్దని ల్యాబ్‌లో పిల్లలకి రోజూ చెప్పేదాన్ని నేనే.

మర్నాడు అందరి చేతుల్లోకీ వెళ్ళిన కాగితంలో పద్నాలుగో అంశం ఇది, ఆ వారం వచ్చిన ఒకే ఒక్క రెండు మడతల చీటీ.

'మా ఆయనకి చదువు రాదు. పద్ధెనిమిదేళ్ళుగా నేను చదివి వినిపిస్తే కంఠతా పట్టి ఆదివారం అందరి ముందు చదువుతున్నారు. ఇప్పుడు నా కళ్ళు పోతున్నాయి. అక్షరం ఆనడం లేదు. ఇక ఆయనకి ఎవరు చెప్తారు. ఆయన పరువు దేవుడే కాపాడాలి. సువార్తమ్మ.'

వాళ్ళాయన రత్తయ్య గారు మా సంఘ పెద్ద. సున్నపురాయి క్వారీలో పనిచేసి మానేసిన మనిషి. ఆదివారం వాక్యం చదివేది ఆయనే. పుస్తకం తెరిచి పట్టుకుంటారు గానీ చూపు జనం మీద ఉంటుంది, మధ్యలో సరిగ్గా వేళకి పేజీ తిప్పుతారు. చూడకుండానే చదివేస్తాడు, అంత భక్తి అని చెప్పుకునేవాళ్ళం.

ఆ రోజు బెంచీల్లో ఒక్కో తలా కాగితం మీంచి లేచింది. ఒక్కో తలా ఆయన వైపు తిరిగింది. అందరిలాగే ఆయన చేతిలోనూ ఆ కాగితం ఉంది. దాంట్లో ఏముందో తెలియనిది ఆయనకీ, పక్కన కూర్చున్న సువార్తమ్మ గారికీ మాత్రమే. పాస్టరు గారు పిలవగానే లేచారు, పుస్తకం తెరిచారు, కీర్తన మొత్తం ఒక్క మాట తడబడకుండా చెప్పారు. పేజీ కూడా తిప్పారు. మాలో ఒక్కళ్ళం కూడా ఆపలేదు. అంతమందిమి కూర్చుని ఆ మనిషిని చూస్తూ ఉండిపోయాం.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఎవరో, పద్నాలుగోది మీ గురించేనని ఆయన చెవిలో వేశారు. రత్తయ్య గారు భార్య మోచెయ్యి పట్టుకుని, తలొంచుకుని నడిచి వెళ్ళిపోయారు.

అప్పుడు స్టీవెన్ అయ్యగారు నాన్నని అడిగారు, ఇదెలా జరిగింది మాస్టారూ అని. నాన్న నా వంక చూశాడు. కంప్యూటర్ సంగతి నాకు తెలుసు కాబట్టి చూశాడు, అంతే. చుట్టూ పదిమంది ఉన్నారు. నేను నోరు తెరిచాను.

"నాన్నకి కొత్త కదండీ, ఏదో నొక్కేసి ఉంటారు," అన్నాను.

అన్నాను. ఆ మాట అన్నది నేనే. తీరిగ్గా ఆలోచించి అన్నదైనా కాదు, కాలు జారితే చెయ్యి గోడ పట్టుకున్నట్టు నోరు నాన్నని పట్టుకుంది. ఆ క్షణానికి నాకు నిజం తెలియదు కదా అని నాలుగు రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. తెలియదు సరే, ముందురోజు నేను మార్చిన లైను మాత్రం గుర్తుంది.

కమిటీలో ఉన్న ఫోటో స్టూడియో నవీన్‌బాబు, ఫ్రీగా వచ్చిన సరుకు పెట్టుకుంటే ఇంతే, మాస్టారికి ఈ వయసులో ఇవన్నీ ఎందుకు అని అప్పటికప్పుడే తీర్పు చెప్పేశాడు. నాన్న ఔనన్నట్టు తలూపాడు.

ఇదీ సంగతి. ఇప్పుడు గురువారం పొద్దున ఎనిమిది కావస్తోంది. నాన్న సంచి పక్కన పెట్టి నోటుపుస్తకం తెరిచాడు.

"మహిమా, ఒక్క నిమిషం."

"బస్సు వెళ్ళిపోద్ది నాన్నా."

"ఒక్క నిమిషమేలే." కళ్ళజోడు సవరించుకుని వేలు పెట్టి చూపించాడు. "ఒకటో మెట్టు నుంచి పదిహేడో మెట్టు దాకా అన్నీ ఇలాగే చేసా. నేనెక్కడ తప్పు నొక్కానో చూపిస్తే తెలుసుకుంటా."

ప్రతి మెట్టు పక్కనా పెన్సిల్‌తో టిక్కు ఉంది. కొన్నిటి పక్కన రెండేసి ఉన్నాయి. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టు తన పేపరు తనే దిద్దుకున్నాడు. ఆ పుస్తకం వంక సూటిగా చూడలేకపోయాను.

"వచ్చాక చూస్తాలే నాన్నా," అని చెప్పులేసుకున్నాను.

"సరేనమ్మా. తొందరేం లేదు," అన్నాడు.

నందిగామ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సిమెంటు లారీల వెనకాల పాకుతూ బస్సు హైవే ఎక్కింది. పక్క సీట్లో ఆవిడ, మాస్టారి అమ్మాయివి కదూ అని పలకరించింది. మీ నాన్నగారు అలా చేస్తారని అనుకోలేదమ్మా, పాపం పెద్దాయన, తెలియక చేసి ఉంటార్లే అని నన్నే ఓదార్చింది. ఔనండి అన్నాను. రెండోసారి. అడగకుండానే రెండోసారి కూడా ఆయన్నే అమ్మేశాను.

ల్యాబ్‌లో ఆసిఫా అప్పటికే వచ్చి మిషన్లు ఆన్ చేస్తోంది. ఆసిఫా నాతోపాటు పనిచేసే ల్యాబ్ అసిస్టెంటు. నందిగామలోనే వాళ్ళ ఇల్లు, వాళ్ళాయన నిసార్‌కి కూల్‌డ్రింకుల షాపు. మాట మెత్తన, చూపు మాత్రం కత్తి. మొదటి బ్యాచ్ పిల్లలు రావడానికి ఇరవై నిమిషాలు ఉంది. నేను పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన స్క్రిప్టు తెరిచి ఒక ఫోల్డర్లో మూడు దొంగ చీటీలు సృష్టించాను. రెండు మామూలువి, ఒకటి చుక్కది.

పాత లైనుతో నడిపాను. రెండే వచ్చాయి. పాత కమాండుకి చుక్క కనపడదు, దాన్ని దాటుకుని పోతుంది. ఏడాదిపాటు మమ్మల్ని కాపాడింది అదే, అది కాపాడుతోందని కూడా నాకు తెలియదు.

కొత్త లైనుతో నడిపాను. మూడూ వచ్చాయి. వెతకమన్నానుగా, అది చుక్కా గిక్కా చూడలేదు, ఉన్నదంతా ఊడ్చి తెచ్చింది. తెర తుడిచేసి ఇంకోసారి నడిపాను, మళ్ళీ మూడే.

ఆసిఫా నా కుర్చీ వెనక నిలబడి చూస్తోందని ఆలస్యంగా గమనించాను. సంగతి అంతా ఆమెకి సోమవారమే చెప్పాను, నాన్న నొక్కాడన్న అబద్ధంతో సహా.

"అయితే మీ నాన్నగారు కాదు," అంది.

"కాదు."

"ఇంట్లో చెప్పావా?"

ఆదివారం కల్లా స్క్రిప్టు సరిచేస్తానని, ఇకముందు ఎప్పుడూ ఇలా జరగదని చెప్పాను. కొత్త కమాండుకి ఇంకో చిన్న మాట తగిలిస్తే చుక్క ఫైళ్ళని వదిలేస్తుందని, ఐదు నిమిషాల పని అని కూడా చెప్పాను. ఆసిఫా ఓపిగ్గా విన్నది.

"నేనడిగింది మిషన్ సంగతి కాదు మహిమా," అంది. "మిషన్‌ని నువ్వు ఐదు నిమిషాల్లో బాగుచేస్తావు, నాకు తెలుసు."

పిల్లలు బిలబిలమంటూ వచ్చేశారు. ఆ రోజు పాఠం, పదేపదే చేసే పనిని కంప్యూటర్ చేత చేయించడం ఎలాగ. నేను బోర్డు మీద రాస్తూ సగం లైనులో ఆగిపోయాను. సుద్ద విరిగిందనుకున్నారు పిల్లలు.

శుక్రవారం అమ్మ సువార్తమ్మ గారింటికి వెళ్ళి వచ్చింది. గోంగూర పచ్చడి గిన్నెలో తీసుకెళ్ళింది. గిన్నె తీసుకున్నారట, లోపలికి రమ్మన్నారట, మంచినీళ్ళు ఇచ్చారట. రత్తయ్య గారు మాత్రం గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నారట. ఆదివారం నుంచీ వీధి అరుగు మీదకి కూడా రాలేదట. ఎల్లుండి ఆదివారం వస్తారా అంటే సువార్తమ్మ గారు, నా పాపం అది, కాగితం మీద పెట్టినదాన్ని నేనే కదా అని ఏడ్చిందట.

"ఆవిడ తన పాపం అంటోంది, ఈయన తన పాపం అంటున్నాడు," అంది అమ్మ, చెంబు ఠప్పున పెట్టి. "ఊళ్ళో పాపాలకి ఇంత గిరాకీ నేనెప్పుడూ చూడలేదు."

నాన్న కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్ మీద తువ్వాలు కప్పేసి ఉంది. ఆదివారం నుంచీ ఆయన దాన్ని ముట్టుకోవడం నేను చూడలేదు.

"ముప్పై మూడేళ్ళు ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించా," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "ఇరవయ్యేళ్ళు నా పక్క బెంచీలోనే కూర్చున్నాడు రత్తయ్య. ఒక్కనాడు అడగలేదు నేను, ఆయనకి రాదేమో అని తోచలేదు. ఆ చీటీ టైపు చేసినప్పుడు అనుకున్నా, మెల్లగా వెళ్ళి, ఎవరికీ తెలియకుండా, సాయంత్రాలు ఓ గంట నేర్పుదామని. ఇక ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్తాం."

నేను పక్క గదిలో ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. ఒక్క అడుగు గుమ్మం దాటి, నాన్నా అది నేను అంటే అయిపోయేది. మడతపెట్టిన చున్నీనే విప్పి మళ్ళీ మడతపెట్టాను.

శనివారం మధ్యాహ్నం నాన్న సెలూన్‌కి వెళ్ళాడు. పదవి అప్పగించడానికి గడ్డం గీయించుకుని వెళ్ళాలట. అమ్మ పెరట్లో ఉంది. నేను తువ్వాలు తీసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఐదు నిమిషాలు అన్నాను కదా, నాలుగే పట్టింది. చుక్క ఫైళ్ళ జోలికి పోవద్దని స్క్రిప్టుకి చెప్పాను. ఈసారి నడిపి చూశాను. నేను లేని వేళల్లో నాన్న ఈ వారం చీటీలు టైపు చేసే పెట్టాడు, పదకొండు అంశాలు వచ్చాయి, ఒక్కటీ తేడా లేదు. అయినా నమ్మకం కుదరక, కనపడని ఫైళ్ళతో సహా అన్నీ చూపించమని అడిగాను. అసలు ఏమేం దాచి ఉన్నాయో, ఏవి బయటికి రాలేదో సరిచూసుకోవాలి కదా.

మూడు చుక్క ఫైళ్ళు కనపడ్డాయి. మూడోదాని పేరుకి ముందు ఒక చుక్క కాదు, రెండున్నాయి.

ఇలా ఎవరూ పెట్టరు. ఒక చుక్క పెట్టినా రెండు పెట్టినా కంప్యూటర్‌కి ఒకటే. ఒక చుక్కకి దాగితే రెండు చుక్కలకి ఇంకా బాగా దాగుతుందని అనుకునే మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. తేదీ చూశాను, బుధవారం. నేను కాలేజీలో ఉన్న వేళ.

తెరవకూడదు. రెండు మడతల చీటీయే నాది కాదు, ఇక ఇది మూడో మడత. తెరిచాను.

'ప్రభువా, నా నోటుపుస్తకం రెండుసార్లు సరిచూసుకున్నాను. నేను తప్పు నొక్కలేదు. మహిమకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. గట్టిగా అడిగితే ఒప్పుకుంటుంది. అడిగించుకుని ఒప్పుకున్నానని బతుకంతా బాధపడుతుంది. తనంతట తాను చెప్పే ధైర్యం దానికి ఇవ్వు. అందాకా ఈ మాట నేను మోస్తాను, నాకు బరువు కాదు. ఆశీర్వాదం. ఈ చీటీ అయ్యగారికి కూడా కాదు.'

బుధవారం రాసుకున్నాడు. గురువారం పొద్దున నోటుపుస్తకం తెరిచి, నేనెక్కడ తప్పు నొక్కానో చూపించమ్మా అని అడిగాడు. తొందరేం లేదన్నాడు. అది ప్రశ్న కాదు, నా కోసం తీసి పెట్టిన తలుపు. నేను బస్సుందని చెప్పి వెళ్ళిపోయాను.

సిగ్గుతో చచ్చిపోయాను అని మామూలుగా అంటూ ఉంటాం. అంత తేలిగ్గా చావు రాదు. చెవులు కాలిపోతూ, కుర్చీలో అలాగే కూర్చుని ఉంటాం. పెరట్లో అమ్మ బాల్చీ చప్పుడు వినపడుతూనే ఉంటుంది.

చాలాసేపటికి ఇంకో ఫైలు తెరిచి నా చీటీ నేను టైపు చేశాను. 'కిందటి ఆదివారం పద్నాలుగో అంశం బయటికి రావడానికి కారణం మా నాన్న కాదు. ప్రోగ్రాం మార్చింది నేను. నడిపి చూడకుండా వదిలేసింది నేను. గేటు దగ్గర అందరి ముందూ అబద్ధం చెప్పింది నేను. రత్తయ్య గారూ, సువార్తమ్మ గారూ, నన్ను క్షమించండి. మహిమ.' పేరుకి ముందు చుక్క పెట్టలేదు. ఫోల్డర్లో వేసి మూసేశాను. రేపు ఎనిమిదింటికి దానంతటదే వస్తుంది, అరవై కాపీలు. చాలా పెద్ద పని చేసినట్టు ఊపిరి పీల్చుకున్నాను కూడా.

ఆదివారం ఎనిమిది అయింది. ప్రింటరు కుయ్యిమని లేచింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. నాన్న తెల్ల చొక్కా వేసుకుని, తాళంచెవి సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కాగితాలు వచ్చినవి వచ్చినట్టు చదవకుండా సంచిలో పెట్టుకోవడం ఆయన అలవాటు. టైపు చేసింది తనే కదా. ఈసారి పై కాగితం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి నుంచీ చదివాడు. ఆయన పెదవులు పన్నెండో అంశం దగ్గర ఆగిపోయాయి.

అమ్మ ఏమైందని అడిగింది. ఆయన కాగితం అందించాడు. అమ్మ చదివి నా వంక చూసి, కాగితం ఆయనకే తిరిగిచ్చింది. నాలుగు తగిలించినా బాగుండేది.

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను. లేదు. సంతోషం కోసం కూడా వెతికాను, సిగ్గులేనిదాన్ని కాబట్టి.

"బాగా రాసావమ్మా. అక్షరదోషం కూడా లేదు," అన్నాడు నెమ్మదిగా. "కానీ రత్తయ్యకి ఇది చదవడం రాదు."

నేను గుమ్మం దాటి రెండడుగులు వేశాను.

"ఆవిడకీ ఇప్పుడు అక్షరం ఆనదు," అన్నాడు. "ఊరంతా చదువుకుంటుంది. వాళ్ళిద్దరూ తప్ప. కిందటి వారం కూడా అదే అయింది."

అరవై కాగితాలూ దొంతరగా సర్ది బల్ల మీద పెట్టాడు, సంచిలో పెట్టలేదు. ఆరాధన పదింటికి కదా, ఇంకా టైముంది, రత్తయ్య ఇంటికి నేను తోడు రావాలా అని అడిగాడు. వద్దన్నాను. ఆ ఒక్క మాటైనా సరిగ్గా అన్నాననుకుంటా.

రత్తయ్య గారిల్లు మాకు నాలుగు వీధుల అవతల, క్వారీ లారీలు తిరిగే రోడ్డు వారగా ఉంటుంది. మొక్కల ఆకులన్నీ తెల్లగా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. సువార్తమ్మ గారు అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. కళ్ళు ఎటో ఉన్నాయి, రాళ్ళని వేళ్ళతోనే తడిమి పట్టుకుంటోంది. ఆవిడ పుట్టిల్లు కోదాడ వైపు, ఆ యాస ఇంకా పోలేదు.

"ఎవరు బిడ్డా?" అంది నా నీడ పడగానే.

"మహిమనండి. ఆశీర్వాదం మాస్టారి అమ్మాయిని."

ఆవిడ ఏమీ అనకముందే లోపల మంచం కిర్రుమంది. రత్తయ్య గారు గుమ్మంలోకి వచ్చారు. వారంలో పదేళ్ళు మీద పడ్డట్టున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నారు గానీ గుండీలు పెట్టుకోలేదు, చర్చికి బయల్దేరాలో వద్దో తేల్చుకోలేనట్టు. చేతిలో ఒక కాగితం ఉంది, నాలుగు మడతలు పెట్టీ విప్పీ నలిగిపోయినది. కిందటి ఆదివారంది.

"మాస్టారు పంపారా?" అన్నారు.

"లేదండి. నేనే వచ్చా."

ఆయన నన్ను ఒక క్షణం చూసి ఆ కాగితం నా వైపు చాపారు.

"వారం నుంచీ అందరూ వస్తున్నారు, అయ్యో అంటున్నారు, పోతున్నారు. ఇందులో ఏం రాసుందో ఒక్కళ్ళూ నాకు చదివి చెప్పలేదు. మా ఆవిడ ఏడుస్తుంది గానీ చెప్పదు. నువ్వు చదువుకున్నదానివి. అదేదో పద్నాలుగోదంట. చదువమ్మా, వింటా."

కాగితం తీసుకున్నాను. నా స్క్రిప్టు వేసిన పద్నాలుగు అంకె, దాని పక్కన ఆయన బొటనవేలి మరక.

"చదువుతానండి," అన్నాను. "దానికంటే ముందు, ఇందులో లేని మాట ఒకటి చెప్పాలి. దీన్ని బయటపెట్టింది మా నాన్న కాదండి."

సువార్తమ్మ గారి వేళ్ళు చేటలో ఆగిపోయాయి. రత్తయ్య గారు గుమ్మం పట్టుకుని మెల్లగా, ఆవిడ పక్కనే అరుగు మీద కూర్చున్నారు.

"మరెవరు?" అన్నారు.